అమ్మ చీరతో కుట్టిన కవరు

అమ్మ కర్మ జరిగిన వారానికి, కుప్పంలో ఉద్యోగం పని ఇంటి నుంచే చెయ్యడానికి కావాలని, పుంగనూరు నుంచి మదనపల్లెకు వెళ్లి కంప్యూటర్ కొన్నాను. ల్యాప్‌టాప్ అయినా, డెస్క్‌టాప్ అయినా నాకు ఒకటే. అంగడాయనే ఓపికగా చెప్పాడు.

"రెండిట్లో ప్రాసెసర్ పేరొకటే ఉంటాదప్పా. ల్యాప్‌టాప్‌లోది వేడెక్కకుండా నిదానం చేసి పెట్టుంటారు. డెస్క్‌టాప్‌కైతే పెద్ద ఫ్యానుండాది, స్పీడుగా పోతాది."

సరేనని డెస్క్‌టాప్ తెచ్చాను. టీవీకి, మిక్సీకి అమ్మ కవర్లు కుట్టేది. అక్క కూడా అమ్మ చీర ఒకటి కత్తిరించి, ముందు బటన్లు మాత్రం వదిలి, సీపీయూ డబ్బా చుట్టూ కవరు కుట్టి తొడిగింది. అరగంటకోసారి అది వేడెక్కి ఆగిపోయేది. అంగడాయనకు ఫోన్ చేశాను.

"ఏమన్నా కప్పినారా? తీసెయ్యప్పా, దానికి గాలాడాల."

నేను తియ్యలేదు. డెస్క్‌టాప్‌ను ఆ కవరులోనే ఉంచి, నిదానంగా నడిచినా చాలనుకుని, ఇంకో నెలకు ల్యాప్‌టాప్ కొనుక్కున్నాను.