గొలుసు ఎన్ని రౌండ్లు ఆగుతుంది?

ఆ మధ్యాహ్నం మాకు పోయినవి ఒక గొలుసు, దాని కొసనున్న ఇనుప గుండు, ఒక కెమెరా, ఒక చెక్క పలక.

నేను తార్నాకలో ఉంటూ దగ్గర్లోని యూనివర్సిటీ వర్క్‌షాపులో పనిచేస్తాను. చదివింది పదో తరగతే, లెక్కలు సొంతంగా నేర్చుకున్నాను. రెండేళ్ల కిందట మందుపాతరలు తొలగించే యంత్రం ఒకటి మా క్యాంపస్‌కు పరీక్షకు వచ్చింది. గిర్రున తిరిగే ఇరుసుకు వేలాడే నలభై గొలుసులు నేలను బాదుతాయి. పేలుడు మందేమీ పెట్టలేదు, గొలుసులు ఎంతకాలం తెగకుండా ఆగుతాయో చూడటమే పని. ప్రతి రౌండు తర్వాత అవి ఎంత అరిగాయో కొలిచి రాసేది నేనే.

తొమ్మిదో రౌండుకు పదిహేడో గొలుసు బాగా అరిగింది.

"మార్చాల్నా అన్నా?" అని అడిగింది పరిశోధన చేస్తున్న స్వప్న.

లెక్క కట్టి, "ఇంకో రెండు రౌండ్లు ఆగుతది బిడ్డా" అన్నాను.

"నువ్వు చెప్తే కంప్యూటర్ చెప్పినట్టే" అని నవ్వి, రక్షణకు అడ్డం పెట్టిన చెక్క పలక వెనక కెమెరా దగ్గర నిలబడింది.

యంత్రం మొదలైన అర నిమిషానికే చప్పుడు మారింది. నేను విజిల్ ఊదాను. విజిల్ వినపడితే ఎక్కడివాళ్లక్కడ కూర్చోవాలన్నది మా నియమం. స్వప్న చటుక్కున కూర్చుంది. అదే క్షణంలో తెగిన పదిహేడో గొలుసు గుండు పలకను చీల్చుకొచ్చి, ఆమె తల ఎత్తులో ఉన్న కెమెరాను ముక్కలు చేసింది.

దుమ్ములోంచి లేచి అడిగింది: "ఇంకో రెండు రౌండ్లన్నవ్ గదనే అన్నా?"

గొలుసు సన్నబడ్డకొద్దీ మరింత వేగంగా అరుగుతుందని నా లెక్కలో వేసుకోలేదు. ఆమె నన్ను ఎప్పుడో క్షమించింది. నేను మాటిచ్చిన ఆ రెండు రౌండ్లు మాత్రం ఆమెకు ఈరోజుకీ బాకీనే.