పొగ మీద వేసిన నింద

తెలంగాణ ఉద్యమం రోజుల్లో మేము ఎల్బీనగర్‌లో అద్దెకుండేవాళ్లం. మాది గుంటూరు, ఇంటి ఓనరు యాదమ్మగారిది నల్గొండ. ఆవిడ రోడ్డు మీద పొయ్యిలు పెట్టి వంటావార్పు చేస్తుంటే, రెండో తరగతి చదివే మా చిన్ని వెంటపడి వెళ్లి, నినాదాలిచ్చి, పప్పన్నం తిని వచ్చేది.

దానికి మూడు వారాలుగా దగ్గు. సాయంత్రాలు ఒళ్లు కాస్త వెచ్చబడేది. ఆటలు మానలేదు కనుక జబ్బనుకోలేదు. ఓ బంద్ రోజున యాదమ్మగారి మీద విరుచుకుపడ్డాను.

"మీ పొయ్యిల పొగ వల్లే నా బిడ్డకు దగ్గు!"

"పొగైతే మాకెందుకు రాలే?" అందావిడ తాపీగా. "పిల్ల జై తెలంగాణ అననీకి నడిమిట్ల ఊపిరి తీస్కుంటున్నది. నడువు దవాఖానకు."

ఆటోలు లేవు. దిల్‌సుఖ్‌నగర్ దాకా ముగ్గురం నడిచాం. చెప్పులో రాయి పడిందని చిన్ని రెండుసార్లు కూర్చుంది. రెండుసార్లూ రాయి కనబడలేదు.

డాక్టరుగారు ఛాతీ విని, ఎక్స్‌రే చూసి న్యుమోనియా అన్నారు.

"నడిచే వచ్చిందండీ" అన్నాను నమ్మలేక.

"ఈ రకం న్యుమోనియాలో పిల్లలు నడుస్తారు, ఆడతారు. పెద్దవాళ్లు మోసపోయేది అందుకే" అన్నారాయన, మందులు రాస్తూ.

రెండు వారాలకు చిన్ని వాకిట్లో నిలబడి "జై తెలంగాణ" అంది. ఒక్క గుక్కలో వచ్చింది. ఆ నినాదాన్ని "ఇంకోసారి అనవే" అంటూ పదిసార్లు అనిపించుకున్న గుంటూరు మనిషి నేను కాక మరొకరున్నారో లేదో నాకు తెలియదు.