వానలో నీళ్లు దాచిన ఫిజీ కాక

ఇవాళ పొద్దున ఒమన్‌లోని అల్ మవాలేలో నేను చూసుకునే కొట్టు పైరేకు గాలికి టకటకా కొట్టుకుంది. ఆ చప్పుడు వింటే చాలు, తినే ముద్ద చేతిలోనే ఆపి చెవులు రిక్కించే ఫిజీ కాక గుర్తొస్తాడు. ఒకప్పుడు రైసూత్ రేవు గోదాములో ఆయన మా ఫోర్‌మన్. అసలు పేరు నారాయణ. ముత్తాత ఎప్పుడో చెరకు కొట్టడానికి ఓడెక్కి పసిఫిక్ మధ్యనున్న ఫిజీ దీవులకు వెళ్లిపోయాడట. ఈయన ఆ తోటలు వదిలి ఒమన్ వచ్చాడు. ఆయన తెలుగులో సగం హిందీ, మిగతా సగం మా తాతల నాటిది.

"మీ దిక్కు వానలెట్లుంటయ్ కాకా?" అని ఒకసారి అడిగాను.

"మాకు రెండు రకాల ఏళ్లే అబ్బాయ్. చెరకు ఎండిపోయే ఏడు, చెరకు ఎగిరిపోయే ఏడు."

"మరి మంచిగుండే ఏడు?"

"మా నాన్న చూశాడంట."

నవ్వు ఆపుకోలేక కూర ఒలకబోసుకున్నాను.

తుఫాను వస్తోందని తెలిసిన రోజు కంపెనీ అంతా సరుకు ఎత్తు మీదికి చేరుస్తుంటే, కాక మా రూమ్ ముందున్న పెద్ద డ్రమ్ము కడిగించి తాగునీళ్లు నింపించాడు. ఆకాశం విరిగిపడబోతుంటే నీళ్లు దాచుకునే మనిషిని నేనెక్కడా చూడలేదు. నా బెంగ వేరు. పై వారమే సెలవు మీద జగిత్యాల వెళ్లాలి. ఏడాదిగా పోగుచేసిన సబ్బులు, అత్తర్లు, పాలపొడి, మా ఆవిడ ముచ్చటపడి చెప్పిన పూల ప్లాస్టిక్ టేబుల్ గుడ్డ, అన్నీ అట్టపెట్టెలో ఉన్నాయి. అది తడిస్తే ఇంటిదగ్గర నా పరువేం కావాలి? ఎవరూ చూడకుండా డ్రమ్ములో నీళ్లు పారబోసి, తుడిచి, సామానంతా అందులో సర్ది మూత బిగించాను. నా తెలివికి నేనే మురిసిపోయాను.

తుఫానుకు వాగు పొంగి రోడ్డును కోసేసింది. నీళ్ల ట్యాంకర్ రాలేదు. రెండో రోజుకు సీసాలన్నీ అయిపోయాయి. పన్నెండు మందిమి గ్లాసులతో నిలబడితే కాక డ్రమ్ము మూత తీశాడు. మల్లె సబ్బు వాసన గుప్పుమంది.

"నాదే కాకా... సామాన్ తడుస్తదని..." అన్నాను.

"బాగా పొడిగా ఉంది అబ్బాయ్. తాగు మరి!"

ఒకడు నా మీదికి రాబోతే కాకే అడ్డుపడ్డాడు. టేబుల్ గుడ్డ బయటికి లాగి, నాలుగు మూలలా తాళ్లు కట్టించి, సన్నగా పడుతున్న తుంపర కింద పరిపించాడు. చుక్కచుక్కగా నీళ్లు చేరుతుంటే తన చిన్ననాటి సంగతి చెప్పాడు. ఒక తుఫానుకు సముద్రం వాళ్ల బావిలోకి వచ్చిందట.

"చుట్టూ నీళ్లే. మా చెల్లి దాహం, దాహం అని ఏడ్చింది. ఇంటికప్పు లేచిపోతే ఏడవని నాన్న, దాన్ని చూసి ఏడ్చాడు."

నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. సాయంత్రానికి మొదటి గ్లాసు నిండింది. కాక దాన్ని నా చేతికిచ్చాడు.

"వద్దు కాకా, అందరు తాగినంక తాగుత."

"తప్పు చేసినవాడే ముందు తాగాలి. ఆఖర్న పెడితే సిగ్గుతో తాగడు. రేపు పడిపోతే నిన్ను మోసేదెవరు?"

తాగాను. ప్లాస్టిక్ వాసన, పైన కాస్త సబ్బు రుచి. కళ్లలో నీళ్లు తిరిగాయి. అవైనా దాచుకోమని కాక కసిరాడు.

ఇప్పుడు ఆయన మళ్లీ ఫిజీలో ఉన్నాడు. సముద్రానికి జడిసి ఊరంతా కొండ మీదికి జరిగితే, అక్కడ కొత్త ఇల్లు కట్టుకుంటున్నాడు. నా కింద కొట్టులో ఇద్దరు పనిచేస్తారు. వాళ్లు ఏం పాడుచేసినా, తిట్టే ముందు గ్లాసెడు నీళ్లిస్తాను. బిక్కుబిక్కుమంటూ తాగుతారు. గ్లాసు ఖాళీ అయ్యేదాకా ఆగుతాను. ఆ తర్వాత తిట్టడం ఇంతవరకు నాకు చేతకాలేదు.