ఇంటావిడ గొంతు

ఊళ్లో ఆయన్ని అందరూ మోటారు కవి అంటారు. పొలాల్లో నీళ్ల మోటార్లు బాగుచేయడం బతుకుతెరువు, పద్యాలు కట్టడం పిచ్చి. రెండింటికీ పనిముట్టు ఒకటే, చెవి. మోటారుకు ఏం జబ్బు చేసిందో తెలుసుకోవడానికి ఆయన ముందుగా మూత విప్పడు. పొడుగాటి స్క్రూడ్రైవరు మొనను తిరిగే మోటారుకు ఆనించి, పిడిని చెవికి పెట్టుకుని, కళ్లు మూసుకుంటాడు. కాసేపు విని, "వెనక బేరింగు" అంటాడు. విప్పి చూస్తే వెనక బేరింగే. మోటార్ల విషయంలో ఆయన మాటకు తిరుగులేదు. పద్యాల విషయంలో మాత్రం బోలెడంత తిరుగుంది.

వాన మీద రాశాడు, మట్టి మీద రాశాడు, కరెంటు స్తంభం మీద వాలిన కాకి మీద కూడా రాశాడు. అవేవీ జనానికి అక్కర్లేదు. ఎక్కడికి వెళ్లినా అడిగేది ఒక్కటే, 'ఇంటావిడ ఉవాచ'.

ఊరి మోటార్లన్నీ మీ మాట వింటాయి,
మనింటి ఫ్యాను ఒక్కటే మౌనవ్రతం పట్టింది.
మబ్బుల మీద పద్యం కట్టుకొచ్చారు,
కప్పు కారేచోట గిన్నె పెట్టింది నేను.
మీకేంలెండి, కవిగారు!

నిజం చెప్పాలంటే అందులో ఆయన సొంతం తక్కువ. భార్య రోజూ అనే మాటల్నే ఏరి వరసలో పెట్టాడు. "నా తిట్లు అమ్ముకుని పేరు తెచ్చుకుంటున్నారు" అనేది ఆవిడ. ఫ్యాను బాగుచేయమంటే, "బాగుచేస్తే పద్యం అబద్ధమైపోదూ?" అని తప్పించుకునేవాడు. చెప్పులు కుట్టేవాడి పెళ్లాం ఉత్తకాళ్లతో నడిచినట్టు ఆవిడ విసనకర్రతోనే వేసవులన్నీ గడిపేసింది.

జ్వరమని ఆసుపత్రికి నడిచి వెళ్లిన ఆవిడ మళ్లీ నడిచి రాలేదు. ఆ తర్వాత ఆయన చాలా రోజులు స్క్రూడ్రైవరు పట్టుకోలేదు, కలమూ పట్టుకోలేదు. గ్రంథాలయం గుమస్తా వచ్చి కూర్చున్నాడు. ఈయన సభలన్నీ కుదిర్చేది అతనే.

"ముందే ఒప్పుకున్న సభ కదండీ. వెళ్లి నాలుగు ముక్కలు చదివి రండి. ఇల్లు కదిలినట్టుంటుంది."

అది వేరే ఊరి బడి వార్షికోత్సవం. మైదానంలో కుర్చీలు, వేదిక మీద మైకు, దూరంగా ఆ చివర ప్రహరీగోడ దగ్గర ఒక వెదురు కర్రకు కట్టిన లౌడుస్పీకరు. వాన పద్యం మొదలుపెట్టాడు. జనం దగ్గారు, కుర్చీలు జరుపుకున్నారు. వెనకనుంచి ఎవరో "ఇంటావిడ! ఇంటావిడ!" అని కేకేశారు. వాళ్ల తప్పేముంది, వాళ్లకు తెలియదు. చెప్పేద్దామని నోరు తెరిచాడు. వచ్చింది మాత్రం పద్యమే.

"మీకేంలెండి, కవిగారు" అన్నాడు, ఆవిడ అన్నట్టే. ఒక్క క్షణం ఆలస్యంగా ఆ మాట మైదానం ఆ చివరనుంచి తిరిగొచ్చింది. గోడ దగ్గర నిలబడి ఆవిడే అన్నట్టుంది. అక్కడ స్పీకరు తప్ప ఏమీ లేదని ఆయనకు తెలుసు. అయినా ఒళ్లంతా చెవులు చేసుకుని విన్నాడు. ఇంట్లో పొయ్యి దగ్గర ఆ మాట ఎన్నిసార్లు తనలో తాను అనుకున్నా ఆ గొంతు వినిపించలేదు. మైకు ముందు వినిపించింది.

ఇక ఆ ఏడాది ఆయన కాదన్న సభ లేదు. పాల సంఘం సర్వసభ్య సమావేశానికి వెళ్లాడు. బస్సు డిపోలో ఎవరిదో పదవీ విరమణకు వెళ్లాడు. ఒక చెప్పుల దుకాణం ప్రారంభానికి కూడా వెళ్లాడు. చెప్పులకూ కవిత్వానికీ ఏం సంబంధమో ఆ దుకాణదారుకే తెలియదు. పిలిచినవాళ్లు గోడగడియారాలు ఇచ్చేవారు. ఇంట్లో అట్టపెట్టెలు పేరుకుపోయాయి, ఒక్కటీ విప్పలేదు. లాడ్జి గదుల్లో కుళాయి బొట్టుబొట్టుగా కారుతుంటే, పక్కగదిలో టీవీ నవ్వుతుంటే, మంచం అంచున కూర్చుని మర్నాటి సభ కోసం ఎదురుచూసేవాడు. మాట్లాడటానికి మనిషి లేడు. ఎవరైనా పలకరిస్తే బాగుండునని ఉండేది, పలకరిస్తే ఏం చెప్పాలోనని భయంగానూ ఉండేది.

వేదిక ఒక చెడ్డ గురువు. పాల సంఘంలో ఆ మాట నడుం మీద చెయ్యి పెట్టి అన్నాడు, జనం నవ్వారు. డిపోలో "లెండీ" అని సాగదీశాడు, ఇంకా నవ్వారు. చెప్పుల దుకాణం దగ్గర తువ్వాలు నడుముకు బిగించి, కళ్లు ఉరిమి, గొంతు కీచుమనిపించాడు. ఈలలు పడ్డాయి. అక్కడే ఒక ముసలావిడ చెయ్యి పట్టుకుని ఆపింది.

"మీ ఆవిణ్ణి తీసుకురాలేదేం నాయనా? అంత గయ్యాళిని ఒక్కసారి చూడాలనుంది."

"ఇంట్లో పనుందమ్మా. ఈసారి తీసుకొస్తాను" అన్నాడు నవ్వుతూ.

బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఆ అబద్ధాన్ని చప్పరిస్తూ వచ్చాడు. ఇంటి తాళం తీసేదాకా అది బాగానే పనిచేసింది.

ఏడాది తిరిగొస్తుండగా కుట్టుపనివాళ్ల సంఘం పిలిచింది. అది మరదలు ఉండే ఊరు. భార్యకు ఒక్కతే చెల్లెలు, బడిపిల్లల యూనిఫారాలు కుడుతుంది. మూడో వరసలో కూర్చుంది, జాకెట్టు చేతికి దారప్పోగులు అంటుకుని ఉన్నాయి. హాలంతా పొట్టచెక్కలయ్యేలా నవ్వింది. ఆమె నవ్వలేదు. సభ అయ్యాక ఆయన్ని ఇంటికి తీసుకెళ్లి అన్నం పెట్టింది. ఒకటే గది, కిటికీ దగ్గర మిషను, దాని పక్కన చేతులు ఇంకా అతకని చొక్కాల గుట్ట. ఆయన చెయ్యి కడుక్కొచ్చేసరికి మిషను ముందు కూర్చుని ఉంది. కుట్టడం లేదు.

"ఎవరు బావగారూ ఆవిడ?"

"ఎవరమ్మా?"

"సభలో మీరు అరిచి చూపించినావిడ. మా అక్క మాత్రం కాదు."

ఆయనకు కోపం వచ్చింది. "వేదికన్నాక కాస్త పెంచాలి. లేకపోతే వెనకవాళ్లకు వినపడి చావదు."

"పెంచారు, సరే. ఇక్కడ నేనొక్కదాన్నే ఉన్నాను. తగ్గించి అనండి."

అదెంత పని అనుకున్నాడు. అన్నాడు. చెప్పుల దుకాణం ముందరి గయ్యాళే కాస్త మెల్లగా అరిచింది. గొంతు సవరించుకుని మళ్లీ అన్నాడు. పేపరు చదివినట్టు వచ్చింది. మూడోసారి తన గొంతే వచ్చింది.

అన్నీ గుర్తున్నాయి. ఆ మాట అనేటప్పుడు ఆవిడ ఎప్పుడూ ఆయన వైపు చూసేది కాదు, పొయ్యికో తడిబట్టలకో చెప్పేది. 'కవిగారు' దగ్గరికి వచ్చేసరికి గొంతు కిందికి దిగి, చివర సగం నవ్వు ఉండేది. ఊరంతా వెక్కిరింత అనుకున్న ఆ మాటలో ఆవిడ గర్వం దాచుకునేది. ఇంత గుర్తుంది, చప్పుడొక్కటి గుర్తు లేదు. మోటారు దగ్గర మూసుకున్నట్టు కళ్లు మూసుకున్నాడు. చెవిలో ఏమీ లేదు.

"నువ్వను తల్లీ. అక్కచెల్లెళ్లు కదా, కాస్తయినా కలుస్తుంది."

ఆమె అంది. కలవలేదు. "నాకూ రావట్లేదు బావగారూ" అని చేతిలోని చొక్కాలో ముఖం దాచుకుంది.

ఆయన గోడకు చేరగిలబడి ఏడ్చాడు. భార్య పోయిన రోజున కూడా ఇంతలా ఏడవలేదు. ఆ రోజు మనిషి పోయినా గొంతు మిగిలింది. మిగిలిన ఆ కాస్తనీ చప్పట్ల కోసం ఊరూరా తిప్పి, చేతులారా అరగదీసుకున్నాడు. ఊళ్లో ఏ మోటారు చప్పుడు మారినా పట్టుకునే చెవి దీన్ని పట్టుకోలేదు.

మర్నాడు ఇంటికొచ్చి నిచ్చెన వేసుకుని ఫ్యాను దింపాడు. తీగ ఒకటి ఊడింది, అంతే. టీ చల్లారేలోపు అయిపోయే పని. ఫ్యాను తిరిగింది. దాని కింద కూర్చోబుద్ధి కాలేదు.

మళ్లీ అదే బడి, అదే వార్షికోత్సవం. ఈసారీ గోడ దగ్గర కర్రకు స్పీకరు కట్టారు. వాన పద్యం చదివాడు. దగ్గులు, కుర్చీల చప్పుళ్లు. "ఇంటావిడ! ఇంటావిడ!"

"ఆ పద్యం ఇక చదవనండీ" అన్నాడు.

"ఏం, ఆవిడ కోప్పడిందా?" అని ఎవరో అరిచారు. మైదానమంతా గొల్లుమంది. ఆయన నవ్వులు ఆగేదాకా నిలబడ్డాడు.

"లేదండీ. ఆవిడ పోయి ఏడాది దాటింది."

ఒక్క క్షణం ఆలస్యంగా, గోడ దగ్గరనుంచి, ఆయన గొంతే ఆయనకు ఆ మాట చెప్పింది. అప్పుడే ఆ కబురు విన్నవాడిలా మైకు ముందు తలూపాడు.