తెల్లబట్టలు ఎవరు తొడగాలి

రాజీ అనే మాట వింటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. అమెరికాలో యూటా రాష్ట్రంలో, సాల్ట్ లేక్ నగరానికి దక్షిణాన ఉన్న ఓ ఊళ్ళో కౌన్సెలర్‌గా పనిచేసిన ఏళ్ళలో ఆ మాట రోజూ విన్నాను. మార్మన్లనే క్రైస్తవ శాఖ కుటుంబాల్లో పుట్టి పెరిగి, పెద్దయ్యాక చర్చిని వదిలేసినవాళ్ళు నా దగ్గరికి వచ్చేవారు. నమ్మకం పోయిన బాధ కొన్నాళ్ళకు సర్దుకునేది. సొంత అన్నదమ్ముల ఇళ్ళల్లో భోజనాల బల్ల దగ్గర పరాయివాళ్ళలా కూర్చోవడం మాత్రం సర్దుకునేది కాదు. వాళ్ళనీ ఇంటివాళ్ళనీ మళ్ళీ కలపడం నా పని. చాలా ఇళ్ళల్లో కలపడమంటే, బయటికి వచ్చినవాళ్ళే నోరు మూసుకుని తల వంచడమని అర్థం.

తూర్పు తీరాన, మనవాళ్ళ మధ్య ప్లెయిన్స్‌బరోలో ఉండే మా అక్కకు నా ఉద్యోగం ఓ వింత. “వాళ్ళు కాఫీ కూడా తాగరటగా? అలాంటివాళ్ళ మధ్య నీకేం పనే?” అని ఫోన్‌లో నవ్వేది. మా ఆయనది ఇంకో గోల. “క్లయింట్స్ సంగతి ఇంటికి తేకు. నీకు బీపీ వస్తే మన ఇన్సూరెన్స్ సరిగ్గా కవర్ కూడా చెయ్యదు” అనేవాడు. ఇద్దరికీ ఊఁ కొట్టి, కూర తరుగుతూ లోలోపల ఉడికిపోయేదాన్ని.

2010 ప్రాంతంలో ఒకామె వచ్చింది. నలభై దాటిన మనిషి, స్కూలు బస్సు నడిపేది. చర్చి వదిలేసి చాలా ఏళ్ళయింది. తల్లి మాత్రం పరమ భక్తురాలు. ఆ తల్లికి క్యాన్సర్ ఎముకల్లోకి పాకింది. ఆవిడ కొడుకు, అంటే ఈమె అన్న, చర్చిలో పెద్దమనిషి. అతని ఇంట్లో పడకగదులన్నీ మేడమీద, పైగా ఇంటినిండా పిల్లలు. అందుకని తల్లిని ఈ కూతురే తెచ్చి పెట్టుకుంది. అన్న ఆదివారాలు పూలు పట్టుకుని వచ్చి చూసి వెళ్ళేవాడు.

ఆమెకు కావలసింది ఒక్కటే. ఆలయంలో దీక్ష తీసుకున్న మార్మన్లు చనిపోతే, ఆలయంలో వేసుకునే తెల్లబట్టలు తొడిగి సాగనంపుతారు. ఇంటివాళ్ళకు అది గొప్ప గౌరవం. తల్లికి ఇక ఎక్కువ రోజుల్లేవని డాక్టర్ చెప్పాడు. ఆ బట్టలు తనే తొడగాలని కూతురి కోరిక. దీక్ష తీసుకుని చర్చిలో కొనసాగుతున్నవాళ్ళే తొడగాలి, నా భార్యా చర్చి ఆడవాళ్ళూ చూసుకుంటారు అని అన్న తేల్చేశాడు.

ఇద్దర్నీ నా ఆఫీసులో కూర్చోబెట్టాను. అతను కేకలు వేసే రకమైతే నాకు సులువుగా ఉండేది. కానీ గొంతు లేపలేదు. “మేమంతా నిన్ను ప్రేమిస్తూనే ఉన్నాం. నువ్వు తిరిగొస్తే చాలు, అన్నీ నువ్వే చేద్దువుగాని” అన్నాడు చెల్లెలి చెయ్యి నిమురుతూ.

నేను ఒకటి అడిగాను. దీక్ష తీసుకున్నవాళ్ళు రోజూ లోపల వేసుకునే తెల్లటి దుస్తులు ఉంటాయి. అవి వాళ్ళకు పవిత్రం. “మీ అమ్మగారికి స్నానం చేయించి, రోజూ అవి తొడుగుతున్నది ఎవరు?” అన్నాను.

“చెల్లెలే.”

“దానికి పనికొచ్చిన చేతులు దీనికి ఎందుకు పనికిరావు?”

“అది సేవ. ఇది వేరు” అన్నాడు ఎంతో ఓర్పుగా.

నేను మడి చూస్తూ పెరిగినదాన్ని. అంటుకోకు, అవతలికి జరుగు అనే మాటలు నాకు కొత్త కాదు. మా ఇంట్లోనూ అంతే, మలమూత్రాలు ఎత్తేటప్పుడు ఎవరి చేతులైనా పనికొచ్చేవి. చాకిరీ మిగిలినంతసేపు ఎవరికీ గుర్తురాని నియమం, గౌరవం దగ్గరికి వచ్చేసరికి మాత్రం చక్కగా గుర్తొస్తుంది. కౌన్సెలర్ అనకూడని మాటైనా అతని మొహం మీదే అనేశాను. అతను నన్ను క్షమిస్తున్నట్టు చూశాడు. దాంతో నా కోపం రెట్టింపైంది.

విచిత్రమేమిటంటే, ఆ తల్లిని ఎవరూ అడగలేదు. అంత మర్యాదస్తులు వాళ్ళు, చావు మాట ఆమె ముందు ఎత్తడానికి కొడుకూ జంకాడు, కూతురూ జంకింది. నేనే పట్టుబట్టి ఇద్దర్నీ వెంటబెట్టుకుని ఆ ఇంటికి వెళ్ళాను. కిటికీ పక్క మంచం మీద దిండ్లకు ఆనుకుని కూర్చుని, పెద్దావిడ అంతా విన్నది.

“నియమం నాకూ తెలుసు. నన్ను పద్ధతి తప్పి పంపొద్దు” అంది.

కూతురి మొహంలో నెత్తురు చుక్క లేదు. ఇక్కడికి తీసుకొచ్చినందుకు నన్ను నేను తిట్టుకున్నాను. అప్పుడు పెద్దావిడ కొడుకు వైపు తిరిగింది.

“దీని చేతులు నేను పోయాక పనికిరాకపోతే, ఇప్పుడూ పనికిరావు. రేపటి నుంచి పొద్దున్నే నీ పెళ్ళాన్ని పంపు.”

కొడుకు నవ్వబోయాడు. తల్లి నవ్వలేదు.

మర్నాటి నుంచి వదిన రావడం మొదలుపెట్టింది. మొదటి రోజు బట్టలు తొడగడానికి చెయ్యి పైకెత్తబోతే పెద్దావిడ నొప్పితో అరిచిందట. వదిన కళ్ళనీళ్ళు పెట్టుకుని బయటికి వచ్చేస్తే, ఆడపడుచు పక్కన నిలబడి ఏ భుజం కదిలించకూడదో చూపించింది. పిల్లల్ని బళ్ళో దింపి వదిన వచ్చేది, ఆడపడుచు బస్సు ట్రిప్పు ముగించుకుని వచ్చేది, ఇద్దరూ కలిసి స్నానం చేయించేవారు. ఏళ్ళ తరబడి పండగ కార్డులు తప్ప మాటల్లేని ఆడవాళ్ళు వంటింట్లో కూర్చుని కబుర్లు చెప్పుకున్నారు. ఒకామె కాఫీ తాగేది, ఇంకొకామె వేణ్ణీళ్ళు తాగేది. నేను చెయ్యలేని పని ఒక మంచం పట్టిన మనిషి చేసింది.

చలికాలం చివర్లో పెద్దావిడ పోయింది. వదిన చర్చి ఆడవాళ్ళను పదింటికి రమ్మని, ఆడపడుచును మాత్రం తొమ్మిదింటికే పిలిచింది. ఇద్దరూ శవాన్ని ఉంచిన గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నారు. రోజూ తొడిగినట్టే లోపలి తెల్లబట్టలు కూతురు తొడిగింది, పైన ఆలయపు బట్టలూ తనే తొడిగింది. వదిన మడతలు సరిచేసింది. పదయ్యేసరికి కూతురు బయటికి వచ్చి, ఏమీ ఎరగనట్టు కుర్చీలో కూర్చుంది. అంతా వదినే ముగించిందనుకుని, వచ్చినవాళ్ళలో ఒకావిడ కూతురి భుజం తట్టి, “ఏదో ఒకరోజు నువ్వూ తిరిగొస్తావు, అమ్మకు ఇలాంటి సేవ చేసే భాగ్యం లేకపోయిందని బాధపడకు” అందట.

ఇది నాకు చెప్పేటప్పుడు ఆమె నవ్వింది. నాకు నవ్వు రాలేదు. కన్నతల్లికి బట్టలు కట్టడానికి దొంగలా వెళ్ళి రావాలా?

అంత్యక్రియల రోజు చర్చిలో వెనక వరసలో ఆమె పక్కనే కూర్చున్నాను. అన్న లేచి, తల్లి గురించి చాలా బాగా మాట్లాడాడు. నిజంగా ఏడ్చాడు కూడా. చివర్లో, “మా అమ్మను ఇంత అందంగా తయారుచేసిన చర్చి సోదరీమణులకు మా కుటుంబం రుణపడి ఉంది” అన్నాడు. ముందు వరసలో వదిన తల వెనక్కి తిప్పి, మా వైపే చూసింది.

నేను ఇక ఆగలేకపోయాను. సగం లేచాను. కూతురు నా మోచెయ్యి పట్టుకుని కిందికి లాగింది.

“కూర్చోండి. అమ్మకు తెలుసు” అంది.

కూర్చున్నాను. కోపం మాత్రం ఇంకా కూర్చోలేదు.