పండుకున్న సీతాఫలాలు

దసరా పోయిన వారానికి మా తాండూరు ఇంటికి సీతాఫలాలు వచ్చేవి. వచ్చేవి అంటే వాటంతట అవి రావు. నేనే ముగ్గురు పిల్లలనూ వెంటేసుకుని పొద్దుటి బండికి వికారాబాదు పోయి, మా అన్న గుట్టల మీద తెంపించి పెట్టిన కాయలను గంపకెత్తుకుని, సాయంత్రం బండికి తిరిగి వచ్చేదాన్ని. పోలీసు చర్య జరిగి పదేళ్లు కావస్తున్న రోజులవి. మా ఆయన గంజ్ బజారులో పప్పుల వ్యాపారం చేసేవాడు. ఇంట్లో మేమూ, మా అత్తమ్మా, ముగ్గురు పిల్లలూ. పెద్దదానికి ఏడేళ్లు, నడిమి వాడికి అయిదు, చిన్నదానికి మూడు దాటి నాలుగు నిండలేదు.

అంతకు ముందు ఏడు ఆ గంప దించిన దగ్గరి నుంచి ఇంట్లో ఒకటే లొల్లి. మాగిన పండు కనబడితే ముగ్గురూ దాని మీదే పడేవాళ్లు. పెద్దది జుట్టు పట్టుకునేది, వాడు కొరికేవాడు, చిన్నది ఆ సందులో పండు తీసుకుని మంచం కిందికి దూరేది. అందుకని ఆ ఏడు మా అత్తమ్మ ముందుగానే చట్టం చేసింది. గంప ఇంకా గడప దాటకముందే పిల్లలను వరుసగా కూర్చోబెట్టి చెప్పింది.

"మనిషికి పన్నెండు కాయలు. ఎవ్వరియి వాళ్లే మాగేసుకోవాలె. ఇంకొకరియి ముట్టుకున్నోళ్లకు మళ్ల ఏడాది దాక కాయ లేదు. తెలిసిందా?"

తెలిసిందన్నారు. అత్తమ్మ నా వైపు చూసిన చూపులో, ఇంత చిన్న పనికి నువ్వు నిరుడంతా పరేషాన్ అయినవు కదా అన్నట్టు ఉంది.

చిన్నది మాత్రం తన కాయల ముందు గొంతుక్కూర్చుని, ఒకదాన్ని రెండు చేతులతో ఎత్తి నానమ్మకు చూపించింది.

"ఇది తినొచ్చా?"

"ఇప్పుడే కాదు బిడ్డా. ముందు పండాలె."

"పండుకోవాలెనా?"

అత్తమ్మ చేటలో జొన్నలు చెరుగుతోంది. సగం విన్నదో వినలేదో. "ఆఁ, నాలుగైదు దినాలు. ఊకె కదిలియ్యొద్దు, గమ్మున ఉండనియ్యాలె" అంది.

మా వైపు నిద్రపోవడాన్ని పండుకోవడమనే అంటాం. ఆ సంగతి ఆ క్షణంలో ఎవరికీ తట్టలేదు. చిన్నది ఆ కాయ వంక ఎంతో జాలిగా చూసి, గుండెకు ఆనించుకుని లోపలికి పోయింది.

పెద్దది తన కాయలను పద్ధతిగా జొన్నల కుండలో పూడ్చి, గోడ మీద బొగ్గుతో రోజుకొక గీత గీయడం మొదలుపెట్టింది. నడిమి వాడికి ఎవరి మీదా నమ్మకం లేదు. పొద్దున కట్టెల మోపు వెనక దాచి, మధ్యాహ్నానికి ఇసురురాయి చాటుకు మార్చి, సాయంత్రం మళ్లీ కాగు వెనక్కు చేర్చేవాడు. మార్చినప్పుడల్లా మెత్తబడిందా లేదా అని పన్నెండింటినీ బొటనవేలితో నొక్కేవాడు. రెండో రోజుకే వాడి కాయలు ఒళ్లంతా నల్లగా కమిలిపోయి, బొగ్గుల బస్తాలోంచి తీసినట్టు తయారయ్యాయి.

చిన్నది ఎక్కడ పెట్టిందో నేను అడగలేదు. మూడేళ్ల పిల్ల ఎక్కడ పెడుతుందిలే అనుకున్నాను. నా పనుల్లో నేనున్నాను. కానీ మర్నాటి నుంచి ఇంట్లో వింతలు మొదలయ్యాయి. నేను రోట్లో కారం దంచుతుంటే వచ్చి నా నోటికి చెయ్యి అడ్డం పెట్టింది. చప్పుడు చేసేది రోలు, మూసేది నా నోరు.

"సప్పుడు చెయ్యకు. పండుకున్నయి."

ఎవరే పండుకున్నది అనబోతే మళ్లీ నా నోరు మూసింది. వాళ్ల నాయిన దుకాణం నుంచి వచ్చి వాకిట్లో గట్టిగా దగ్గితే, పరుగెత్తిపోయి ఆయన ధోతి పట్టి లాగింది.

"బయటికి పోయి దగ్గు."

ఆయన నిజంగానే బయటికి పోయి దగ్గి వచ్చాడు. కూతురు మాట అంటే ఆయనకు అంత భయం. మూడో రోజు నా రవికె గుడ్డ ఒకటి కనబడలేదు. నాలుగో రోజు అత్తమ్మ తువ్వాల కనబడలేదు. మధ్యాహ్నం పూట లోపలి గదిలోంచి సన్నగా జోల పాట వినిపించేది. బొమ్మలాట ఆడుకుంటోందని నేను సంబరపడ్డాను. ఆ వయసు పిల్ల చప్పుడు లేకుండా ఒకచోట కూర్చుందంటే ఏదో కొంప మునుగుతోందని ముగ్గురిని కన్న దానికి తెలిసుండాల్సింది.

అయిదో రోజు మర్పల్లి నుంచి మా అత్తమ్మ తమ్ముడు దిగాడు. పిల్లలకు తాత, నాకు మామ వరస. ఆయన రెండో కొడుక్కి తాండూరులోనే, మా ఇంటికి నాలుగు వీధుల అవతల పిల్లను చూడాలి. మధ్యాహ్నం మూడు లోపల మంచి గడియ. ఆరడుగుల మనిషి, నిలువెల్లా తెల్లటి బట్టలు. ఆయన ధోతికి గంజి ఎంత పెట్టేవారంటే, ఆయన నడిచి వస్తుంటే ఎండిన జొన్న చొప్పలో ఎవరో నడుస్తున్నట్టు వినబడేది. కూర్చునేముందు ఎక్కడైనా సరే మూడుసార్లు దులిపి కూర్చుంటాడు. ఉతకని కొత్త బట్ట ఒంటికి తగలనివ్వడు.

అన్నం తిన్నాక ఆయన ఒక చిన్న కునుకు తీస్తానన్నాడు. లోపలి గదిలో పట్టె మంచం మీద రెండు బొంతలు మడత పెట్టి ఉన్నాయి. వాటి మీద నేనొక తెల్ల దుప్పటి పరిచాను. ఆయన దాన్ని మూడుసార్లు దులిపి ఒరిగాడు.

చిన్నది తలుపు దగ్గర నిలబడి, నోటి మీద వేలు పెట్టుకుని ఆయన్నే చూస్తోంది.

"తాతా, జర మెల్లగ పండుకో. సప్పుడు చెయ్యకు."

ఆయన కరిగిపోయాడు. "చూసినవా అక్కా, ఎంత బుద్ధిమంతురాలో. నా నిద్ర చెడుతదని గిట్ల కావలి ఉన్నది" అని కళ్లు మూసుకున్నాడు. కాసేపటికి లోపలి నుంచి ఆయన గొంతే వినబడింది. "అక్కా, మీ బొంతల పత్తి అంత గడ్డలు కట్టింది. మళ్ల ఏకించరాదా."

అత్తమ్మకు చిన్నతనమనిపించింది. అది కిందటి ఏడే కుట్టిన బొంత అని నాతో గొణిగింది. లోపల ఆయన ఆ గడ్డలు సర్దుకునేందుకు ఇటు దొర్లాడు. అటు దొర్లాడు. తర్వాత వీపు ఆనించి గట్టిగా అదుముకున్నట్టున్నాడు. మంచం ఒకసారి కిర్రుమంది, ఆ వెంటనే తడి నేల మీద బురద తొక్కినట్టు నాలుగైదు చప్పుళ్లు వరుసగా వచ్చాయి.

తర్వాత చాలా నెమ్మదిగా, మామూలుగా ఆయన మాట్లాడే గొంతు కాని గొంతుతో అన్నాడు.

"అక్కా, జర రా. నా పెయిలకెల్లి ఏదో కారుతున్నది."

మేమిద్దరం పరుగెత్తాం. ఆయన మంచం మీద లేచి కూర్చుని, తెల్లటి గుజ్జు అంటిన అరచేతిని ముఖం ముందు పెట్టుకుని చూస్తున్నాడు. ఆ గుజ్జులో నల్లగా రెండు గింజలు. తన ఒంట్లోంచి వచ్చినవే అనుకుంటున్నట్టు ఆయన ముఖం పాలిపోయింది. వెనక్కు తిరిగితే నడుము నుంచి మోకాళ్ల దాకా ధోతి అంతా అదే. అత్తమ్మ ముందుగా ముక్కుతో కనిపెట్టింది. దుప్పటి పక్కకు జారి, సగం విడిపోయి ఉన్న బొంత మడతను పూర్తిగా విప్పింది. లోపల నా రవికె గుడ్డ ఒకటి, తన తువ్వాల ఒకటి, వాటిలో పొత్తిళ్లలో పెట్టినట్టు చుట్టిన సీతాఫలాలు. అయిదు చితికిపోయాయి.

అప్పటిదాకా గుమ్మంలో నిలబడ్డ చిన్నది ఒక్కసారిగా నేల మీద కూలబడి ఏడుపు అందుకుంది.

"తాత నా పిల్లల మీద పండుకున్నడు. మెల్లగ అంటే ఇనలే."

అప్పుడు తెలిసింది మాకు. పండుకోవాలని నానమ్మ చెప్పింది కనుక పండుకోబెట్టింది. పక్క వేసింది, దుప్పటి కప్పింది, జోల పాడింది. అయిదు రోజులు ఇంటిల్లిపాదిని నోరెత్తనివ్వలేదు. నాకు నవ్వు ఆగలేదు, కానీ మామ ముందు నవ్వడం ఎట్లా? కొంగు నోట్లో కుక్కుకుని వంటింట్లోకి పోయాను. అక్కడ, అన్నానికని దుకాణం నుంచి వచ్చిన మా ఆయన అప్పటికే గోడకు తల ఆనించి, భుజాలు కదుపుతూ నవ్వుతున్నాడు.

గడియ దగ్గర పడుతోంది. ధోతి తడిపి ఆరేసే వ్యవధి లేదు. మా ఆయన ధోతి మామకు కట్టి చూస్తే మోకాళ్ల కిందికి బెత్తెడు దిగి ఆగింది. వాగు దాటబోతున్న మనిషిలా ఉన్నాడు. మా ఆయన బజారుకు పోయి కొత్తది తెస్తానంటే, ఉతకని బట్ట కట్టనని మంకుపట్టు. చివరికి అత్తమ్మ నా పెట్టె తెరిచి, బతుకమ్మకు నేను కట్టి ఉతికి దాచిన మీగడ రంగు చీర తీసింది. ఎర్ర అంచు, వేలెడంత వెడల్పు.

"గిదా?" అన్నాడు ఆయన.

"కుచ్చిళ్లు పోసి కడితె ధోతి, కొంగు వేస్తె చీర. నువ్వు కొంగు వెయ్యకు" అంది ఆమె.

మిగిలిన గుడ్డంతా నడుము చుట్టూ దోపితే పొట్ట ముందుకు పొడుచుకొచ్చింది. పైన కోటు తొడిగి, తల ఎత్తుకుని, అక్కా మేనల్లుడూ వెంట రాగా ఆయన పిల్లను చూడబోయాడు. నేను పిల్లలతో ఇంట్లో ఉండిపోయాను. అక్కడ జరిగింది అత్తమ్మ తిరిగొచ్చి చెప్పిందే.

అంతా బాగానే సాగిందట. పిల్ల లక్షణంగా ఉందట. అయితే పిల్ల నానమ్మ ఒకామె, చూపు ఆనని ముసలావిడ, ఆయన పక్కనే చేరి అంచు పట్టుకుని వేళ్లతో తడిమిందట.

"అంచు మస్తుగున్నది నాయినా. ఏడ దొరికింది?"

"మా కోడలు తెచ్చింది" అన్నాడట ఆయన, తొణక్కుండా. అది అబద్ధమేమీ కాదు.

"కోడండ్లు మామలకు గిట్ల బట్టలు తెచ్చే ఇల్లు అయితే మా పిల్ల సుఖపడతది" అందట ఆ ముసలావిడ. సంబంధం అక్కడే ఖాయమైంది.

వాళ్లు తిరిగొచ్చేసరికి చిన్నది ఏడ్చి ఏడ్చి తేరుకుని, మిగిలిన ఏడు కాయలను ఈసారి నా బియ్యం డబ్బా వెనక పరిచి కూర్చుంది. మామ చీర కుచ్చిళ్లు చేత్తో ఎత్తి పట్టుకుని ఆ పిల్ల పక్కనే, నేల మీద, దులపకుండానే కూర్చున్నాడు.

"ఇంక ఏమన్న లేచినయా?"

అది ఒక్కొక్కదాని మీదా చెవి ఆనించి విన్నది. చివరికి ఒకటి తీసి ఇచ్చింది. ఆయన దాన్ని రెండుగా విప్పి, గుజ్జు జుర్రుకుని, గింజలు ఒక్కొక్కటీ అరచేతిలోకి ఊసుకుంటూ తిన్నాడు. గడ్డానికి అంటింది. తుడుచుకోలేదు.

"ఇంకోటి లేపరాదా."

"ఇంకా పండుకునే ఉన్నయి తాతా. రేపు రా."

సాయంత్రం బండికి పోవాల్సినవాడు, అయితే రేపటి దాకా ఉంటానన్నాడు.