ఆపిన మగ్గం

నిన్న కొంతం చౌక్‌లో మరమగ్గాల నూనె వాసన తగిలి, దాజీ పేట్‌లోని మా పాత గల్లీ గుర్తొచ్చింది. అక్కడ ఎవరు చనిపోయినా పాడె గల్లీ దాటేదాకా మగ్గాలన్నీ ఆపేవారు.

ఎదురింటి లక్ష్మక్క వేరే కులం అతన్ని పెళ్లాడిందని కులపెద్దలు వెలివేశారు. ఆమె చనిపోయి పాడె లేచిన పొద్దున మగ్గాలు ఆడుతూనే ఉన్నాయి. మా నాన్న ఒక్కడే ఆపాడు.

"కరెంటు పోయిందా నాయినా?" అన్నాను. బల్బు వెలుగుతూనే ఉంది.

"లేదు బిడ్డా. లక్ష్మిని తీస్కపోతున్నరు."

బీడీలు చుడుతున్న అమ్మ తలెత్తింది. "పెద్దలు మనల్ని గూడ ఎలేస్తరు."

"ఏస్తే ఏయనియ్యి. మన గల్లీల పుట్టిన పిల్ల."

అమ్మ చేట పక్కన పెట్టి, నాన్న పక్కన గుమ్మంలో నిలబడింది.

తర్వాత మమ్మల్ని ఎవరూ పెళ్లిళ్లకు పిలవలేదు. ఆ పొద్దున ఇంకెన్ని ఇళ్లలో చేతులు స్విచ్చి దాకా వెళ్లి వెనక్కి వచ్చాయో అని ఇప్పుడు అనిపిస్తుంది.